రిపేరు స్టాండు నుంచి కొండదారి దాకా: సైకిల్ షాపు చేయగలిగిన పని

ఒకే వారంలో నాలుగు మౌంటెన్ బైకులు ఒకే జబ్బుతో షాపుకు వస్తే మెకానిక్‌కు విషయం ఇట్టే తెలిసిపోతుంది. ట్యూబు మీద పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు. వెనక రిమ్ము అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. నాలుగు సైకిళ్లకూ ఇదే జరిగిందంటే నడిపేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లంతా తిరిగే దారిలో ఎక్కడో మట్టి కొట్టుకుపోయి రాతి అంచు బయటపడింది. బ్రేకు ప్యాడ్లు మామూలు కంటే ముందే ఇనుము తేలి వస్తున్నాయంటే, ఏదో మలుపు ముందు దారి గాడి పడిందని, జనం అక్కడ భయంతో వెనక చక్రం బిగబట్టి ఈడుస్తున్నారని అర్థం. దారి పాడవుతున్న సంగతి అటవీ శాఖ కంటే, క్లబ్బు కంటే ముందు రిపేరు స్టాండుకు తెలుస్తుంది.

ఈ తెలివిడి చాలా షాపుల్లో వృథా అవుతోంది. స్థానిక రైడ్లలో షాపు పాత్ర అనగానే బ్యానరు, టీషర్టు, పది శాతం తగ్గింపు కూపను గుర్తొస్తాయి. డబ్బున్న ఏ వ్యాపారమైనా ఆ మాత్రం ఇవ్వగలదు. సైకిల్ షాపు దగ్గర ఇంకెవరి దగ్గరా లేనివి కొన్ని ఉన్నాయి: పనిముట్లు, వాటిని వాడటం తెలిసిన చేతులు, రోజూ తెరిచి ఉండే ఒక చిరునామా, ఊళ్లో ఎవరి సైకిల్ ఎలా ఉందో తెలిసిన జ్ఞాపకం. రైడయినా, కొండదారి మరమ్మతయినా నాలుగు వారాలకు ఆగిపోకుండా ఏళ్ల తరబడి సాగేది వీటి బలంతోనే.

ఒక షాపు దారికి సొంతమైన ఊరు

కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాల మధ్య డౌనీవిల్ అనే చిన్న ఊరుంది. 1849 నాటి బంగారం వేటలో పుట్టింది. సియెరా కౌంటీకి ముఖ్యపట్టణమే అయినా ఇప్పుడక్కడ ఉండేది కొన్ని వందల మందే. బంగారం రోజులు పోయాయి, కలప పనీ తగ్గింది. గనివాళ్లు, వాళ్ల కంచరగాడిదలు నడిచిన కొండదారులు మాత్రం మిగిలాయి. ఆ దారుల పైకొస ప్యాకర్ శాడిల్ దగ్గర సుమారు 2,140 మీటర్ల ఎత్తున ఉంటే, కిందికొస సుమారు 900 మీటర్ల ఎత్తున ఊళ్లోకే దిగుతుంది. యూబా ఎక్స్‌పెడిషన్స్ అనే సైకిల్ షాపు వ్యాన్లలో సైకిళ్లనూ మనుషులనూ పైకి చేరుస్తుంది, వాళ్లు దారి పట్టుకుని దిగి వస్తారు. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకు ఇది నాలుగు గంటల పైచిలుకు కారు ప్రయాణం.

ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. వ్యాను ఎన్నిసార్లు పైకెళితే షాపుకు అంత ఆదాయం, దారికి అంత అరుగుదల. తన పెట్టుబడిని తానే తినేస్తున్న వ్యాపారమిది. 2003లో ఆ షాపుకు చెందిన గ్రెగ్ విలియమ్స్ సియెరా బ్యూట్స్ ట్రైల్ స్టూవర్డ్‌షిప్ అనే లాభాపేక్ష లేని సంస్థను ప్రారంభించారు. తర్వాత షాపు కూడా ఆ సంస్థ చేతికే వచ్చింది. మామూలుగా షాపు దారికి విరాళమిస్తుంది, ఇక్కడ దారిని చూసుకునే సంస్థే షాపును నడుపుతుంది. వ్యాను టికెట్టులోనూ బ్రేకు ప్యాడులోనూ మిగిలే డబ్బు పారలకు, కూలీకి వెళుతుంది. ఏటా జరిగే డౌనీవిల్ క్లాసిక్ పోటీ కూడా ఈ సంస్థదే. అందులో ఆల్ మౌంటెన్ విభాగంలో దిగేవాళ్లు ఎక్కుడూ దిగుడూ కలిసిన క్రాస్‌కంట్రీ పోటీ, దిగుడు పోటీ రెండూ ఒకే సైకిల్ మీద పూర్తి చేయాలి.

ఈ పద్ధతి నుంచి నేర్చుకోదగ్గవి రెండున్నాయి. సంస్థ జీతమిచ్చి పెట్టుకున్న దారి పనివాళ్లు, వారాంతాల్లో వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలు చేసే పనులు వేరువేరు. పెద్ద బండలు కదిలించడం, పడిన చెట్లను యంత్ర రంపంతో కోయడం శిక్షణ పొందినవాళ్ల పని. జాతీయ అడవుల్లో రంపం పట్టాలంటే అమెరికా ఫారెస్ట్ సర్వీసు ధ్రువీకరణ ఉండాలి. నీటి తోవలు శుభ్రం చేయడం, అంచులు చెక్కడం, కొమ్మలు కత్తిరించడం స్వచ్ఛంద కార్యకర్తల పని. ఈ గీత చెరిపేసిన చోటల్లా ఎవరో ఒకరికి దెబ్బ తగులుతుంది, లేదా పని మళ్లీ చేయాల్సి వస్తుంది. రెండోది, అక్కడి దారుల్లో చాలావాటి మీద నడిచేవాళ్లు, గుర్రాలవాళ్లు, మోటారుసైకిళ్లవాళ్లు కూడా తిరుగుతారు. దారి పనికి వాళ్లనూ పిలవడం వల్ల సైకిల్‌వాళ్ల మీద ఫిర్యాదులు రాసే చేతులే పార పట్టే వీలు కలుగుతుంది. ఆ కొండల మీదుగా వెళ్లే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మీద సైకిల్ నిషేధం. మ్యాపు అమ్మేటప్పుడే ఆ మాట చెప్పడం షాపు కౌంటరు బాధ్యత.

సైకిళ్లవాళ్లు తమ దారులు తామే చూసుకోవాలన్న ఆలోచన అమెరికాలో నిషేధాల భయం నుంచే బలపడింది. 1980లలో కాలిఫోర్నియాలో ఒకదాని తర్వాత ఒకటి దారులు సైకిళ్లకు మూసేస్తుంటే అక్కడి క్లబ్బులు కొన్ని కలిసి 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ స్థాపించాయి. 2009లో ఏర్పడిన జాతీయ ఇంటర్‌స్కొలాస్టిక్ సైక్లింగ్ అసోసియేషన్ బడిపిల్లల లీగులు నడుపుతూ, టీన్ ట్రైల్ కోర్ పేరుతో వాళ్ల చేత దారి పని కూడా చేయిస్తోంది. అమెరికాలో పిల్లల్ని ఈ లీగుల్లో చేర్చే తల్లిదండ్రులు దీన్ని గ్రేడు కోసం చేసే సేవాగంటలుగా తీసిపారేయకూడదు. దారి ఎందుకు అలా వంగిందో తెలిసిన పిల్ల బ్రేకు ఎక్కడ వేయకూడదో కూడా తెలుసుకుంటుంది.

వారం వారం రైడు

దారి పనికి మనుషులు రైడులోంచే వస్తారు. పరిచయం లేని మనిషి ఆదివారం పొద్దున పార పట్టుకోవడానికి రాడు. ఆరు వారాలు పక్కన సైకిల్ తొక్కిన మనిషి పిలిస్తే వస్తాడు. అందుకే రైడును ముందు సరిగ్గా నడపాలి.

షాపు రైడులు చెడిపోవడానికి ప్రధాన కారణం వేగం మెల్లగా పెరిగిపోవడం. మొదటి నెలలో గంటకు 17 కిలోమీటర్లతో మొదలవుతుంది. వచ్చినవాళ్లకు కాళ్లు బలపడతాయి. మూడో నెలకు 21, ఆరో నెలకు 25. ఎవరూ కావాలని పెంచరు. కానీ ఆరో నెలలో కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఫ్లైఓవరుకే వెనకబడి, మళ్లీ రారు. ఏడాది తిరిగేసరికి అదే పదిహేను మంది మిగులుతారు, వాళ్లందరికీ సైకిళ్లున్నాయి, సామానూ ఉంది. షాపుకు కొత్త మొహం కనబడదు, దారి పనికి కొత్త చెయ్యి దొరకదు. దీనికి మందు ఒకటే: నెమ్మది జట్టు వేగాన్ని అంకెతో ప్రకటించి, ఏ నెలలోనైనా దాన్ని కదపకుండా ఉంచడం. 16 నుంచి 18 అంటే 16 నుంచి 18 దాకానే. బలపడినవాళ్ల కోసం రెండో జట్టు పెట్టాలి. ఆ రెండో జట్టులోని ప్రతివాళ్లూ నెలకొకసారి నెమ్మది జట్టుకు ముందు మనిషిగానో చివరి మనిషిగానో రావాలన్న షరతు కూడా ఉండాలి. ఈ షరతు లేకపోతే మొదటి జట్టు అనాథ అవుతుంది.

జట్టుకు 12 మంది దాటకూడదు. ముందొకరు, చివర ఒకరు. చివరి మనిషి ఎవరినీ దాటడు, ఎవరు ఆగితే వాళ్లతో ఆగుతాడు. ట్యూబులు, పంపు, చైను టూలు ఉండాల్సింది అతని దగ్గరే. ముందు మనిషి దగ్గర ఉంటే పంక్చరైనవాడు వెనకే ఉండిపోతాడు. ముందువాడి వెనక చక్రం పక్కకు తమ ముందు చక్రం పోనివ్వకూడదని కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పాలి. ముందు సైకిల్ వెనక చక్రానికి వెనక సైకిల్ ముందు చక్రం తగిలితే పడేది వెనకవాడే. ముందువాడికి తెలియను కూడా తెలియదు.

హైదరాబాద్‌లో కొత్తవాళ్ల మొదటి రైడుకు ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న హెల్త్‌వే అనువైన చోటు. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైన ఈ 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద సౌర ఫలకల పైకప్పు ఉంది. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీసు అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. కార్లు, బస్సుల గొడవ లేదు కాబట్టి గేర్లు మార్చడం, చేతి సైగలు, వరుసలో దూరం పాటించడం అక్కడ నేర్పి ఆ తర్వాతే ఊరి రోడ్డు ఎక్కించాలి. ఊరి రోడ్డు మీద పొద్దున అయిదున్నరకు వెలుతురు చాలదు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేనివాళ్లను బయల్దేరనివ్వకూడదు. షాపులో నాలుగైదు జతల దీపాలు అరువిచ్చేందుకు ఉంచితే ఈ కఠినం ఎవరికీ అవమానంగా ఉండదు.

బయల్దేరే ముందు పది నిమిషాలు సైకిళ్లు చూడటమే షాపు ఇచ్చే అసలు బహుమతి. గాలి, బ్రేకు, చైను, ఆపైన చక్రాల బిగింపు. చక్రం క్విక్ రిలీజ్ లీవరు సగం తిరిగేసరికి బిగువు తగలాలి, పూర్తిగా మూస్తే అరచేతిలో అచ్చు పడాలి. వేలితో మూసుకుపోతే అది బిగినట్టు కాదు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ కింద టకటకమంటే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల బిగింపు, వదులైంది. డిస్క్ బ్రేకు ప్యాడు మీది అరిగే పొర మిల్లీమీటరు కంటే తగ్గితే మార్చాలి. చైను సాగుడు కొలిచే గేజి 8 నుంచి 10 గేర్ల చైనుకు 0.75, 11, 12 గేర్ల చైనుకు 0.5 దగ్గర దిగితే కొత్త చైను వేయాల్సిందే. ఆలస్యం చేస్తే క్యాసెట్టు, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల కట్ట, కూడా పోతుంది. మన దగ్గర పెట్టెలో వచ్చి ఇంట్లో బిగించుకున్న సైకిళ్లలో ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల చట్రం, వెనక్కి తిరిగి ఉండటం తరచూ కనబడే లోపం. ముందు బ్రేకు వెనకవైపుకు తిరిగి కనబడితే అదే. అలా నడిపితే ముందు చక్రం పాదానికి తగులుతుంది, హ్యాండిల్ నిలవదు. దాన్ని సరిచేయకుండా రైడుకు పంపకూడదు.

గాలి విషయంలో టైరు మీద రాసిన గరిష్ఠ అంకె చూసి అంతా నింపేయడం మరో అలవాటు. 70 కిలోల మనిషికి 700 బై 35 హైబ్రిడ్ టైరులో వెనక 60, ముందు 55 పీఎస్‌ఐ చాలు. 2.1 అంగుళాల మౌంటెన్ టైరులో ట్యూబుంటే రోడ్డు మీద 40, కొండదారిలో 28 నుంచి 32. 25 కంటే దిగితే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, మొదట చెప్పిన ఆ పాము కాటు చిల్లులు పడతాయి. ట్యూబు లేని టైర్లలో 29 అంగుళాల చక్రానికి చిల్లు పడితే లోపలి నుంచే పూడ్చే సీలెంటు ద్రవం 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోస్తారు. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. పోసి ఆరు నెలలైన టైరు దారిలో గుచ్చుకుంటే లోపల తెల్లటి పొట్టు తప్ప ఏమీ ఉండదు.

చూడటం ఉచితం, సామానుకు డబ్బు. ఈ మాట ముందే చెప్పాలి. రైడు మొదలయ్యే చోట అమ్మకాలు పెట్టకూడదు. తప్పు కనబడితే కాగితం మీద రాసి చేతికివ్వాలి. ఎక్కడ చేయించుకుంటాడన్నది అతని ఇష్టం. చూసిన మెకానిక్ దగ్గరికే చాలామంది తిరిగి వస్తారు, అది వేరే సంగతి.

నీరు పల్లమెరుగు

కొండదారిని పాడుచేసేది సైకిళ్లని అందరూ అంటారు. అసలు శత్రువు నీరు. చక్రం గాడి వేస్తుంది, నీరు ఆ గాడిని కాలువ చేస్తుంది. పల్లెటూరి వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పొలాల మధ్య బండ్ల పుంత ఏటేటా ఎలా లోతుకు దిగిపోతుందో, వానాకాలంలో అదే ఎలా వాగవుతుందో చూసినవాళ్లే. బండి చక్రాల గాడిలో నీరు చేరి, పల్లం దిక్కుకు నేరుగా పరుగెత్తి, మట్టిని తీసుకుపోయింది. కొండదారి పనంతా ఆ ఒక్కటి జరగకుండా చూడటమే: నీరు దారి వెంట పరుగెత్తకూడదు, దారిని అడ్డంగా దాటి పోవాలి.

దీనికి మొదటి లెక్క సగం సూత్రం. దారి వాలు, ఆ కొండ పక్క వాలులో సగం మించకూడదు. కొండ 20 శాతం వాలితే, అంటే 100 మీటర్లకు 20 మీటర్లు దిగితే, దాని మీద అడ్డంగా పోయే దారి 10 శాతం దాటకూడదు. దాటితే నీటికి కొండ దిగడం కంటే దారి వెంట దిగడమే సులువవుతుంది. రెండో లెక్క, దారి మొత్తం మీద సగటు వాలు 10 శాతం లోపల ఉండాలి. సమతల నేల మీద దారి వేయడం సులువని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి అదే కష్టం. నీరు పోయే దిక్కే ఉండదు, గుంట పడితే గుంటే. జనం బురద తప్పించుకోవడానికి పక్కనుంచి పోతారు, మీటరు దారి నాలుగు మీటర్లవుతుంది.

వాలు కొలిచే పరికరం క్లైనోమీటరు లేకపోయినా పరవాలేదు. వాటర్‌షెడ్ పనుల్లో సమోన్నత గట్లు గుర్తించడానికి వాడే ఏ-ఫ్రేము సరిపోతుంది. రెండు సమానమైన కర్రలు, మధ్యలో అడ్డకర్ర, పైనుంచి దారానికి కట్టిన రాయి. కాళ్ల మధ్య దూరం 2 మీటర్లుంటే ఒక కాలి కింద 16 సెంటీమీటర్ల చెక్క ముక్క కట్టాలి. చెక్క ఉన్న కాలు పల్లం వైపు పెట్టినప్పుడు దారం సరిగ్గా మధ్య గుర్తు మీద నిలిస్తే అక్కడి నేల వాలు 8 శాతం. మన పల్లెల్లో ఉపాధి హామీ పనుల్లో గట్లు వేసిన కూలీలకు నీటి నడక గురించి తెలిసినంత, నగరం నుంచి పోయే స్వచ్ఛంద కార్యకర్తల్లో చాలామందికి తెలియదు. దారి పని పెట్టుకునే షాపు అలాంటి ఒకరిద్దరికి రోజు కూలీ ఇచ్చి మేస్త్రీలుగా పెట్టుకోవడం ఏ కరపుస్తకం చదవడం కంటే మేలు.

దారిని కొండ పక్కన చెక్కేటప్పుడు తవ్విన మట్టిని పల్లం వైపు పోసి దాని మీద నడవడం సులువుగా కనబడుతుంది. ఆ పోసిన మట్టి రెండు వానల్లో కుంగిపోతుంది. దారి వెడల్పంతా గట్టి నేలను చెక్కి తీయాలి. పైనున్న ఆకులు, వేర్లు కలిసిన నల్లటి పొరను ముందే గీకి పక్కకు వేయాలి. అది నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, దారికి పనికిరాదు. చెక్కిన దారి బయటి అంచు వైపు 5 శాతం వాలాలి, అంటే మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు. నీళ్ల సీసాను దారి పొడవునా పడుకోబెడితే అది మెల్లగా బయటికి దొర్లాలి. కంటికి 5 శాతం ఎప్పుడూ ఎక్కువగానే కనబడుతుంది, అందుకే సీసాను నమ్మాలి.

ఎంత బాగా చెక్కినా ఆ వాలు నిలవదు. చక్రాలు మధ్యలో నేలను నొక్కుతాయి, నలిగిన మట్టి బయటి అంచుకు చేరి చిన్న గట్టు కడుతుంది. ఇక నీరు బయటికి పోలేదు, దారి వెంటే పరుగెడుతుంది. ఆ గట్టు తీయడమే స్వచ్ఛంద కార్యకర్తలు చేసే పనుల్లో అన్నిటికంటే ఫలితమిచ్చేది. పారతో అంచును చెక్కి, శుభ్రమైన మట్టయితే మధ్య గాడిలో వేసి తొక్కాలి. గడ్డి వేర్లున్న మట్టయితే కొండ కిందికి పలచగా చల్లాలి. కుప్పగా వదిలితే అదే మరో గట్టవుతుంది.

గట్టు తీసినా నీరు నిలిచే చోట అర్ధచంద్రాకారంలో ఒక పల్లం చెక్కాలి. దారి పొడవునా 3 మీటర్లు, మధ్యలో బయటి వాలు 15 శాతం దాకా, అటూ ఇటూ మెల్లగా కలిసిపోవాలి. సైకిల్ మీద వెళ్లేవాడికి అది ఉన్నట్టే తెలియకూడదు. ఇక్కడ జరిగే తప్పు దాదాపు ప్రతి జట్టూ చేసేదే: దారికి అడ్డంగా ఒక జానెడు వెడల్పు కాలువ తవ్వి సరిపెట్టడం. అది మొదటి వానకే ఆకులతో పూడుతుంది, పైగా ముందు చక్రాన్ని పట్టేస్తుంది. నీరు బయటికి పోయే తోవ కనీసం మీటరు వెడల్పుండాలి, కొండ వాలు అందుకునే దాకా సాగాలి. అడ్డంగా దుంగ పాతడం కూడా ఇంతే. దాని వెనక ఒండ్రు నిండాక నీరు దుంగ చివర చుట్టి పోతుంది, జనమూ చుట్టే పోతారు. దారికే 6 నుంచి 15 మీటర్లకొకసారి చిన్న ఎక్కుడు ఇస్తే అక్కడ నీరు ఆగి పక్కకు తిరుగుతుంది. ఏ దుంగా అక్కర్లేదు. తడి ఆరని చోట రాయి పరచాలంటే ప్రతి రాయీ మూడింట రెండు వంతులు నేలలోకి దిగాలి. కాలితో నొక్కితే కదిలిన రాయి చక్రం కింద లేచిపోతుంది.

పని రోజు

పన్నెండు మంది, మూడు గంటలు. ఇంతకంటే పెద్దది మొదటి ఏడాది పెట్టుకోకూడదు. ఆరుగురికి ఒక తెలిసిన మనిషి ఉండాలి. ఆ జట్టు పూడిన నీటి తోవలు నాలుగైదు తెరిచి, కొత్తవి ఒకటి రెండు చెక్కగలదు. పన్నెండు మందికి పారలు అయిదు, పికాసులు రెండు, గడ్డపార ఒకటి, ఇనప పళ్ల దంతెలు రెండు, చేతిరంపం ఒకటి, కొడవళ్లు రెండు, తట్టలు నాలుగు చాలు. అమెరికాలో ఇదే పనికి అడవి మంటలు ఆర్పేవాళ్ల పనిముట్లు వాడతారు. మెక్‌లియోడ్‌కు ఒక పక్క దంతె, మరో పక్క వెడల్పాటి పార. పులాస్కీకి ఒక పక్క గొడ్డలి, మరో పక్క చిన్న పార. అవి మన దగ్గర దొరకాలని ఎదురుచూడక్కర్లేదు. మన పార ఆ పని శుభ్రంగా చేస్తుంది.

షాపు విలువ ఇక్కడే తెలుస్తుంది. బెంచి వైసు ఉంది, ఆకురాయి ఉంది. ముందురోజు సాయంత్రం ప్రతి పార అంచునూ ఆకురాయితో సానపెట్టి, వదులైన కర్రలకు చీలికలు దిగ్గొట్టి, కట్టి ఉంచితే పొద్దున పని రెట్టింపవుతుంది. మొద్దుబారిన పార వేరును కోయదు, ఎగిరి కాలిమీద పడుతుంది. పని అయ్యాక మట్టి కడిగి, నూనె రాసి, లెక్క చూసి గోడకు తగిలించడం కూడా షాపు పనే. కార్యకర్తల ఇళ్లలో పంచి ఉంచిన పనిముట్లు ఏడాదిలో సగమవుతాయి.

దారిలో నడిచేటప్పుడు పనిముట్టు పల్లం వైపు చేతిలో ఉండాలి. జారితే మనిషి కొండ వైపు పడాలి, పారను పల్లం వైపు విసిరేయాలి. భుజాన వేసుకోకూడదు. పనిలో మనిషికీ మనిషికీ మధ్య 3 మీటర్లు. గట్టి అడుగు బూట్లు, తోలు చేతి తొడుగులు. రాళ్లు చేత్తో తిప్పకూడదు. గడ్డపారతో తన వైపుకు లేపాలి, కింద తేలో పామో ఉంటే అది అవతలి పక్కకు పోయే తోవ ఉంటుంది. మనిషికి 3 లీటర్ల నీళ్లు. ఫిబ్రవరి దాటాక మన ఎండల్లో పని తొమ్మిదింటికల్లా ఆపాలి. నేల పచ్చిగా, బురద కాకుండా ఉండే రోజులు పనికి తగినవి. వానలు వెనకబట్టిన అక్టోబరు, నవంబరు మన దగ్గర అందుకు అనువైన నెలలు. ఎండిన ఎర్రమట్టి ఎంత తొక్కినా అతకదు, పొడిగా లేచిపోతుంది.

అనుమతి లేకుండా ఇదేదీ మొదలుపెట్టకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్లగుట్టలు, పొదల అడవులు ఎవరివీ కానట్టు కనబడతాయి. వాటిలో చాలా భాగం రిజర్వు అటవీ భూమి. అనంతగిరి కొండల అడవీ అంతే. అనుమతి లేకుండా అందులో దారి చెక్కడం, కొమ్మ నరకడం అటవీ చట్టం కింద నేరం, సదుద్దేశం మాఫీ కాదు. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానాలు కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. విశాఖ పక్కన కంబాలకొండ అభయారణ్యానికీ అంతే. డివిజనల్ ఫారెస్ట్ అధికారికి రాసే దరఖాస్తులో కొత్త దారి అడగకూడదు. ఉన్న దారి మీద, ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా, ఇంతమంది, ఇన్ని గంటలు, నీటి తోవలు తీయడం మాత్రమే అని రాసి, ఫొటోలు జతచేసి, బీటు అధికారి సమక్షంలో చేస్తామనాలి. అటవీ శాఖ అర్బన్ ఫారెస్ట్ పార్కుల్లో కొన్నిటిలో నడక, సైకిల్ బాటలు ఇప్పటికే ఉన్నాయి. మొదటి ఏడాది అక్కడే చేయి తిరగడం తెలివైన పని.

షాపు చేయగల మరో పని వద్దనడం. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి తగిలే చోట వాన పడ్డాక రెండు మూడు రోజులు సైకిల్ దించకూడదు. మట్టి టైరుకు పేరుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది, గేర్లు మార్చే డిరైలర్‌ను లాక్కుపోతుంది, చక్రం వేసిన గాడి ఎండి ఇటుకలా బిగుసుకుని వచ్చే వానకు కాలువవుతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి తడి తేలితే దారి మూసినట్టే. ఆ వారం రైడు రోడ్డు మీద పెట్టి, తలుపు మీద పలక వేలాడదీయగల అధికారం షాపుకుంది. సైకిల్ అమ్మినవాళ్లు వద్దంటే జనం వింటారు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో చెబితే వాదిస్తారు.

పని చేసిన చోటికి తర్వాతి పెద్ద వాన కురుస్తుండగానే ఎవరో ఒకరు వెళ్లాలి. సైకిల్ వద్దు, గొడుగు, ఒక పార చాలు. చెక్కిన పల్లంలోకి నీరు తిరుగుతోందా, పక్కనుంచి దాటిపోతోందా, బయటి తోవలో ఒండ్రు ఎక్కడ ఆగుతోందో ఆ పావుగంటలో కనబడుతుంది. తిరగని చోట పారతో నాలుగు వేట్లు వేసి అక్కడికక్కడే సరిచేయవచ్చు. ఎండలో అదే తప్పు వెతకడానికి సగం రోజు పడుతుంది. ఫొటోలు తీసి షాపు గోడకు అంటించి, ఆ వారం వచ్చిన సైకిళ్ల రిపేరు చిట్టీ పక్కన పెట్టి చూడాలి. ఆ మలుపు దగ్గర రిమ్ములు నొక్కుకుపోవడం తగ్గిందో లేదో ఆ రెండు కాగితాలూ కలిపి చూస్తే తెలుస్తుంది.